దెయ్యం బొమ్మలో గంట

పామర్రులో దెయ్యం బొమ్మ పడిన మొదటి రోజు మొదటి ఆటలో, దెయ్యం రాగానే జనం పడీ పడీ నవ్వారు.

తప్పు దెయ్యానిది కాదు. అది పాడుబావిలోంచి లేచే సమయానికి మిషన్లో సౌండు లాంపు కాలిపోయింది. తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంది, చప్పుడు మాత్రం పోయింది. చప్పుడు పోయాక చూస్తే ఏముంది? తెల్లచీర కట్టి మొహానికి పిండి పూసుకున్న ఒక మగమనిషి, చేతులు ముందుకి చాపి, చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కునేవాడిలా నడిచొస్తున్నాడు. చీర అంచు కింద పంట్లాం కూడా కనబడుతోంది. నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలు వేశారు. "పాపం దెయ్యానికి చలిగా ఉన్నట్టుందిరా, లోపల పంట్లాం తొడుక్కొచ్చింది" అని ఎవడో అన్నాడు. టూరింగ్ టాకీసు యజమాని వెంకటకృష్ణారావు గారు గేటు దగ్గర తల పట్టుకుని కూర్చున్నారు.

ఆపరేటరు బాలశౌరి లాంపు మార్చి, ఆ రీలు మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడు. అదే బావి, అదే పిండి మొహం, అదే పంట్లాం. ఈసారి ఒక్కడూ నవ్వలేదు. ఇందాక ఈల వేసినవాడే ముందు వరసలోంచి లేచి వెనక్కి వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. క్యాబిను కంతలోంచి ఇదంతా చూసిన బాలశౌరికి ఆ సాయంత్రం ఒక సంగతి బోధపడింది. ఈ బొమ్మలో దెయ్యం తెర మీద లేదు, తెర వెనక పెట్టిన స్పీకరు పెట్టెలో ఉంది.

ఆ సంగీతంలో మాత్రం పెద్ద హంగులేమున్నాయి గనక. మద్రాసులో ఎవరో చేతిలో డబ్బాడని నిర్మాత, దొరికిన వాయిద్యగాళ్ళతో కానిచ్చేసిన బొమ్మ అది. సంగీతం కట్టినాయన పేరు చిన్న అక్షరాల్లో వచ్చి, చదివేలోపే వెళ్ళిపోయేది. ముందు కాలి హార్మోనియం మీద అడుగు స్వరం ఒకటి మొదలవుతుంది, ఎక్కడో నేల కింద ఎవరో మూలుగుతున్నట్టు. దాని మీద వయొలిను తీగ ఒక్కటే సన్నగా, ఎడతెగకుండా గీరుతుంది. తరవాత రెండూ ఒక్కసారి ఆగిపోతాయి. ఏమీ ఉండదు. జనం ఊపిరి బిగబట్టేది ఆ ఏమీ లేనిచోటే. అప్పుడు గంట. ఒకే దెబ్బ. ఆ మోత సాగి సాగి పూర్తిగా అణిగిపోయాక, ఇక లేదులే అని మనం కుదురుకున్నాక, ఇంకో దెబ్బ. అంతే. పెద్ద బొమ్మల్లో పాతికమంది వయొలిన్లు పట్టుకుని కూర్చున్నా రాని భయం, ఆ పేద సంగీతంలో ఉంది. పేదది కాబట్టే ఉందేమో కూడా. వాయించడానికి మనుషులు లేక వదిలేసిన ఖాళీల్లో, చూసేవాడు తన భయం తానే తెచ్చి పోసుకునేవాడు.

బాలశౌరికి సంగీతం నేర్పినవాళ్ళెవరూ లేరు. పామర్రుకి పక్కనే, కాలవ అవతలి గట్టు మీద ఉన్న కతోలిక పేట వాళ్ళది. చదువు అబ్బక బెజవాడ చేరి, గవర్నర్‌పేటలో ఒక సినిమా ఆఫీసులో ఫిలిం పెట్టెలు మోసి, మిషను పని నేర్చుకుని, పెళ్ళయ్యాక సొంత ఊరి దగ్గరే డేరా సినిమా ఉందని తిరిగొచ్చినవాడు. బొమ్మ ఏదైనా సరే, మొదటి రెండు రోజులు తెర చూసేవాడు, తరవాత కళ్ళు మూసుకుని వినేవాడు. పాటలకంటే, పాటల మధ్య మాటల వెనక వచ్చే సంగీతమంటే అతనికి ప్రాణం. అది విని ఎవరైనా ఉలిక్కిపడితే, తానే వాయించినట్టు మురిసిపోయేవాడు.

ఆ మురిపెంలోనే అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఆట మొదలయ్యే ముందు ఊళ్ళని పిలవడానికి డేరా నెత్తిన గొట్టం మైకు కట్టి పాటలు వేస్తారు. బొమ్మ మొదలుకాగానే దాని వైరు పీకేస్తారు. ఆ బావి రీలు వచ్చినప్పుడు మాత్రం మైకు తగిలించి ఉంచితే ఎలా ఉంటుందండీ అని యజమానిని అడిగాడు.

"ఊరికే వినిపిస్తే ఇంక టిక్కెట్టు కొని చూసేదెవడయ్యా?" అన్నారు వెంకటకృష్ణారావు గారు.

"వింటే చాలదండీ. ఇదేం చప్పుడో చూడకపోతే వాళ్ళకి నిద్రపట్టదు."

నిజంగానే పట్టలేదు. కోతలకి ముందు రోజులు, చేలల్లో తడి, గాలి అటునించి ఇటు. ఆ మూలుగూ ఆ గంటా చుట్టుపక్కల ఊళ్ళ మీద పడ్డాయి. మర్నాడు బళ్ళు కట్టుకుని వచ్చారు. కూచిపూడి వైపు నించి కూడా సైకిళ్ళ మీద వచ్చారు. నాలుగు రోజులు ఆడి వెళ్ళిపోవలసిన బొమ్మ వారాలు పట్టి కూర్చుంది. వెంకటకృష్ణారావు గారు బాలశౌరి భుజం తట్టి, నీ బుర్రలో గుజ్జుందయ్యా అన్నారు.

కొంప మునిగింది ఇంటి దగ్గర.

బాలశౌరి తల్లి సంపూర్ణమ్మ పంచలో మంచం పట్టి ఉంది. గుండె జబ్బు. ఉలికిపాటు తగలకుండా చూసుకోండి, అదే మందు అని పామర్రు డాక్టరు చెప్పాడు. బాలశౌరి భార్య అమలమ్మ అత్తగారి దగ్గర గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేది. అలాంటి మనిషి చెవిన, మైకు తగిలించి ఉంచిన మొదటి రోజు దీపాలు పెట్టిన కాసేపటికి, కాలవ మీదుగా గంట వచ్చి పడింది.

పేటలో గంటలకి అర్థాలున్నాయి. త్రికాల జపానికి ఒక తీరు, పూజకి ఒక తీరు. ఒక దెబ్బ కొట్టి, అది అణిగిందాకా ఆగి మళ్ళీ ఒక దెబ్బ కొట్టారంటే ఎవరో పోయారు. అది వినగానే ఎవరి చేతిలో పని వాళ్ళు ఆపుతారు. ఆడవాళ్ళు తల మీద కొంగు వేసుకుంటారు. పరలోక జపం, మంగళవార్త జపం చెప్పుకుని, పోయింది ఎవరో కనుక్కోవడానికి గుడి దగ్గరికి వెళతారు. మద్రాసులో సంగీతం కట్టినాయనకి ఈ సంగతి తెలుసో తెలియదో గానీ, సరిగ్గా చావు గంటే పట్టుకొచ్చి దెయ్యం నెత్తిన పెట్టాడు.

మొదటి సాయంత్రం పేటంతా గుడి ముందు పోగయింది. గంట కొట్టే ఉపదేశి రత్తయ్య చేతులు చూపించి, నేను తాడు ముట్టుకోలేదు, నేనూ మీలాగే వచ్చాను అన్నాడు. రెండో సాయంత్రం సగంమంది వచ్చారు. అది డేరా మీది మైకని తెలిశాక నవ్వుకున్నారు. తరవాత తరవాత గంట వినపడితే, "బావి దగ్గరికొచ్చింది" అనుకుని అన్నం కలుపుకునేవాళ్ళు. కుర్రకారు చేతులు ముందుకి చాపి ఒకళ్ళనొకళ్ళు తరుముకునేవాళ్ళు.

నమ్మనిది సంపూర్ణమ్మ ఒక్కతే.

"ఎవరు పోయారే?" అని కోడల్ని అడిగింది.

"ఎవరూ పోలేదు అత్తమ్మా. మీ అబ్బాయి ఆడించే సినిమాలో గంట."

"సినిమాలో చావు గంట ఎందుకు కొడతారే?" అంది సంపూర్ణమ్మ.

ఆమె నమ్మకపోవడంలో న్యాయం ఉంది. కొన్నేళ్ళ కిందట ఆమె గుడివాడ ఆసుపత్రిలో జ్వరంతో పడి ఉన్నప్పుడు ఇక్కడ మొగుడు చచ్చిపోయాడు. ఈ స్థితిలో చెబితే ఈమె కూడా దక్కదని అందరూ కూడబలుక్కుని దాచారు. నాన్న ఏడిరా అని అడిగితే, పొలంలో నీళ్ళు కడుతున్నాడమ్మా అని బాలశౌరే చెప్పాడు. ఇంటికొచ్చి, ఖాళీ మంచం చూసి, అప్పుడు తెలుసుకుంది. రోగిష్టి మనిషికి చావు కబురు చెప్పకూడదన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన మర్యాదే. ఆ మర్యాద ఒకసారి రుచి చూసిన మనిషి ఇంకెవరి మాట నమ్ముతుంది? రోజూ గంట మోగుతోంది, రోజూ ఎవరో పోతున్నారు, తనకి మాత్రం చెప్పడం లేదు. ఆమె లెక్క అది.

ముందు తమ్ముడు పుల్లయ్య మీద అనుమానపడింది. అమలమ్మ పరిగెత్తుకెళ్ళి పుల్లయ్యని చేలోంచి పిలుచుకొచ్చింది. "బతికే ఉన్నానే అక్కా. కావాలంటే గిల్లి చూడు" అన్నాడాయన. ఆమె నిజంగానే గిల్లి చూసింది. మర్నాడు ఎదురింటి ముసలమ్మ. ఆ మర్నాడు ఉపదేశి రత్తయ్య పెళ్ళాం. ఆమెకి ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ళు పొద్దున్నే వచ్చి మంచం పక్కన నిలబడి తాము బతికున్నట్టు చూపించుకు వెళ్ళాలి. సంపూర్ణమ్మ దగ్గర హాజరు వేయించుకొస్తాం అని పేటలో వేళాకోళమాడుకున్నారు.

వేళాకోళం పగటిదాకానే. పొద్దు వాలుతుంటే ఆమె చూపు ఎదురుగోడ మీదికి వెళ్ళేది. గోడ మీద ఎండ పైకెక్కి చూరు కింద మాయమయ్యేసరికి కాళ్ళు చల్లబడేవి. జపమాల చేతికి చుట్టుకుని, "వస్తది, ఇప్పుడు వస్తది" అని గొణిగేది. గంట వినపడగానే గుండె మీద ఎవరో గుద్దినట్టు ఒళ్ళంతా అదిరిపోయేది. అన్నం మానేసింది. "పగలొచ్చి కనిపించి పోతున్నారు. సాయంత్రానికి ఎవరు మిగుల్తారో ఎవరికెరుక?" అనేది. చుట్టూ నలుగురూ ఉండగా, తనవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే తరిగిపోతున్నారని ఆమె వణికిపోతుంటే చూడలేక అమలమ్మ ఏడ్చేది.

"ఆ మైకు తీసెయ్యండి. అత్తమ్మ దక్కదు" అని మొగుడికి చెప్పింది.

బాలశౌరి విన్నాడు గానీ ఒంట పట్టించుకోలేదు. యజమాని ఒప్పుకోరు అన్నాడు. అదీ నిజమే. ఒకసారి అడిగితే వెంకటకృష్ణారావు గారు, "చేతికొచ్చిన పంట మీద నీళ్ళు పోస్తావటయ్యా" అని నవ్వేశారు. కానీ బాలశౌరి గట్టిగా అడగలేదన్నది అంతకంటే నిజం. ఆ గంట అతనికి ముద్దు. దాన్ని ఊరంతా విన్నదీ తన వల్లే. తనకి తెలిసిన చప్పుడు మనిషిని చంపుతుందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు.

మంగళవారం సాయంత్రం అమలమ్మ మరీ పట్టుబట్టింది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే నాగూర్‌కి మిషను నడపడం కొంత వచ్చు. అతన్ని క్యాబిన్లో నిలబెట్టి బాలశౌరి ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. గంట రాగానే, చూడమ్మా ఇదే మా సినిమా అని దగ్గరుండి చూపించి నమ్మించాలని అతని ఆలోచన.

అన్నాళ్ళుగా అతను ఆ గంట విన్నది క్యాబిన్లో, ఇంజను హోరులో, మిషను లోపల మండే కార్బన్ల వాసనలో, కళ్ళెదుట పంట్లాం తొడిగిన దెయ్యాన్ని చూస్తూ. ఇక్కడ అవేవీ లేవు. చేల మీద మసక. కాలవలో నీళ్ళు కదలడం లేదు. ముందు ఆ మూలుగు వచ్చింది. ఎటునించి వస్తోందో తెలియలేదు, చేలన్నిట్లోంచీ లేచినట్టు వచ్చింది. వయొలిను గీత గాలికి ఒకసారి వినపడుతూ ఒకసారి పోతూ దగ్గరికొచ్చింది. రెండూ ఆగిపోయాయి. తరవాత ఏం రావాలో, ఎంతసేపటికి రావాలో బాలశౌరికి తెలుసు. ఆ రీలు అతను తన చేత్తో ఎన్నిసార్లు ఎక్కించాడో. అయినా మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. పంచలో దీపం, తల్లి ఊపిరి, అంతే. గంట మోగింది. బొమ్మ లేకుండా వింటే అది సినిమా కానేకాదు. ఎవరో నిజంగా పోయారు.

తల్లి అతని చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఇది మా అక్కదిరా" అంది.

తెరేసమ్మ సంపూర్ణమ్మకి అక్క. పెళ్ళయిందాకా చెల్లెల్ని చంక దింపలేదని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు బెజవాడలో, గవర్నర్‌పేటలో మెస్సు నడుపుకునే కూతురి దగ్గర ఉంటోంది.

"పెద్దమ్మ బాగానే ఉందమ్మా" అన్నాడు బాలశౌరి. చెబుతుంటే అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది.

"మీ నాన్న కూడా పొలంలో నీళ్ళు కడుతున్నాడుగా" అంది సంపూర్ణమ్మ.

ఆ మాటకి బాలశౌరి తల ఎత్తలేకపోయాడు. ఈమెని నమ్మించాలంటే పెద్దమ్మని తీసుకొచ్చి ఈ మంచం మీద కూర్చోబెట్టడం ఒక్కటే దారి అనుకున్నాడు. అమ్మా, పెద్దమ్మని తీసుకొస్తా, నీ చేత్తో తడిమి చూసుకుందువుగాని అని మాట ఇచ్చాడు. అప్పటిదాకా గట్టిగా ఉండమన్నాడు. ఆమె సరేనంది. ఆ మాట పట్టుకుని రెండు రోజులు కాస్త గంజి తాగింది.

యజమాని సెలవిచ్చేసరికి శుక్రవారం అయింది. తెల్లవారుజామున బస్సెక్కి ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ చేరాడు. గవర్నర్‌పేటలో రిక్షాల మధ్య, సినిమా ఆఫీసుల ముందు ఆరేసిన కొత్త పోస్టర్ల మధ్య నడుస్తుంటే పాత ఉత్సాహం కాస్త వచ్చింది కూడా. సందులోకి తిరిగి చూస్తే మెస్సు తలుపులు మూసి ఉన్నాయి. పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. గోడకి సిలువ, దాని ముందు కొవ్వొత్తి, పక్కన తెరేసమ్మ చేతికర్ర.

తెరేసమ్మ కూతురు అతన్ని చూసి బావురుమంది.

"మంగళవారం అన్నయ్యా. దీపాలు పెట్టాక, కాస్త మంచినీళ్ళియ్యమంది. తెచ్చేలోపే అయిపోయింది."

బాలశౌరి గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు.

"కబురు పెట్టలేదేం?"

"చిన్నమ్మ గుండె సంగతి తెలుసుగా అన్నయ్యా. వింటే ఏమవుద్దోనని భయపడ్డాం. పుల్లయ్య మావయ్యకి చెబితే పేటంతా తెలిసి చిన్నమ్మ చెవిన పడుద్దని ఆయనకీ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పమాక."

తిరుగు బస్సులో అతనికి పొలాలు కనబడలేదు. అమ్మ అంతకు ముందు కూడా ఒకటి రెండు సార్లు అక్క పేరు ఎత్తింది కదా, ఊళ్ళో అందరి పేర్లూ ఎత్తింది కదా, ఒకటి తగిలితే వింతేముంది అని తనకి తాను చెప్పుకున్నాడు. బుద్ధి ఒప్పుకుంది గానీ ఒళ్ళు ఒప్పుకోలేదు. మంగళవారం, దీపాలు పెట్టాక, ఆమె గోళ్ళు దిగిన చోట మణికట్టు మీద గుర్తులు ఇంకా ఉన్నాయి. కండక్టరు బెల్లు తాడు లాగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. దెయ్యాలంటే నవ్వే మనిషి, పట్టపగలు, నిండు బస్సులో, లోలోపల పరలోక జపం చెప్పుకున్నాడు.

పామర్రులో దిగి తిన్నగా డేరా దగ్గరికి వెళ్ళాడు. గుంజ ఎక్కి మైకు వైరు తెంపి కిందికి లాగేశాడు.

"ఇదేంటయ్యా, కడుపు మీద కొడుతున్నావు" అన్నారు వెంకటకృష్ణారావు గారు.

బాలశౌరి వైరు చుట్ట చంకలో పెట్టుకుని, మిషను నాగూర్‌కి అప్పగించి, కాలవ గట్టు వెంట ఇంటిదారి పట్టాడు. పెద్దమ్మకి కాస్త జలుబు చేసింది, వారం ఆగి వస్తానంది. దారి పొడుగునా ఆ మాట తనలో తాను వల్లెవేసుకున్నాడు. పొద్దు గుంకింది. గంట వచ్చే వేళ వచ్చింది, దాటింది. చేల మీదుగా ఏమీ రాలేదు. ఇన్నాళ్ళకి అమ్మ ఈ ఒక్క సాయంత్రం నిమ్మళంగా ఉంటుంది కదా అనుకుంటే ప్రాణం లేచొచ్చింది.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి సంపూర్ణమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. అమలమ్మ వెనకనించి పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు అంత పెద్దవి కావడం బాలశౌరి ఎన్నడూ చూడలేదు.

"ఇయ్యాల గంట లేదేంరా?" అంది. "కొట్టడానికి రత్తయ్య కూడా మిగల్లేదా?"

బాలశౌరికి పై ప్రాణాలు పైనే పోయాయి. దారి పొడుగునా నేర్చుకున్న మాట నోట్లోకి వచ్చి నిలబడింది. ఆమె అతని మొహం వంక చూస్తోంది. అతని వెనక గుమ్మం వంకా చూసింది, అక్క కోసం. ఈ ఒక్క అబద్ధం ఆడితే ఆమె ఈ రాత్రికి పడుకుంటుందేమో. కానీ రేపటినించి ఏ గంటా లేకపోయినా, ఏ మనిషి వచ్చి నిలబడినా, చచ్చిందాకా ఎవరినీ నమ్మదు. నిజం చెబితే ఇప్పుడే, ఇక్కడే గుండె ఆగిపోవచ్చు. డాక్టరు చెప్పింది అదే. అమలమ్మ వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. ఆమెకి ఏమీ తెలియదు, అతని మొహం చూసే అర్థమైంది.

బాలశౌరి మంచం పట్టె మీద కూర్చుని తల్లి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"రత్తయ్య ఉన్నాడమ్మా. పెద్దమ్మ పోయింది. మంగళవారం."

సంపూర్ణమ్మ నోరు తెరిచి, లోపల్లోపలినించి, సన్నగా ఏడ్చింది. ఏడుపు మధ్యలో అడగవలసినవన్నీ అడిగింది. పక్కన ఎవరున్నారు, గుడి గురువుగారు వచ్చి కడసారి నూనె పూశారా, ఏ చీర కట్టారు. అతను తెలిసినంత చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు.

"పుల్లయ్య?" అని అడిగింది చివరికి.

"ఉన్నాడమ్మా. మావయ్యకి ఇంకా ఈ సంగతి తెలియదు."

"రత్తయ్య ఉన్నాడన్నావు."

"ఉన్నాడు."

"సరే అయితే" అంది. అతని చేతుల్లో ఆమె చేతులు వదులయ్యాయి. ఇన్నాళ్ళుగా ఊళ్ళోవాళ్ళంతా వచ్చి నిలబడి గిల్లించుకున్నా కలగని నమ్మకం, ఒక్క చావు కబురు చెప్పగానే కలిగింది. "మీ నాన్నప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్పావు. మా అక్క పుట్టిన పేట ఇది. పోయి గంట కొట్టించు. నేను ఇక్కడినించే జపం చెప్పుకుంటా."

రత్తయ్య కబురు విని సిలువ గుర్తు వేసుకుని తాడు విప్పాడు. పేట ఇంకా నిద్రకి పడలేదు, వంటల వేళ. మొదటి దెబ్బ కొట్టి, అది అణిగిందాకా ఆగాడు. రెండో దెబ్బ కొట్టాడు. బాలశౌరి గుడి మెట్ల మీద నిలబడి ఇళ్ళ వంక చూశాడు.

ఎవరూ రాలేదు.

కాలవ రేవులో అంట్లు తోముతున్న ఆడవాళ్ళు తోముతూనే ఉన్నారు. ఒక్కతీ తల మీద కొంగు వేసుకోలేదు. ఒక ఇంట్లో పొయ్యి దగ్గరనించి, "బావి దగ్గరికొచ్చిందే" అన్న మాట వినపడింది. వీధిలో పిల్లలు చేతులు ముందుకి చాపి, కళ్ళు తేలేసి, కేరింతలు కొడుతూ పరిగెత్తారు. రత్తయ్య మూడో దెబ్బ కొట్టి, తాడు పట్టుకునే బాలశౌరి వంక చూశాడు. ఆ చూపుని బాలశౌరి తట్టుకోలేకపోయాడు. చావుకి పలకాల్సిన గంటని తను దెయ్యానికి అప్పగించాడు. రేపో మాపో అమ్మకి కొట్టవలసిందీ ఈ గంటే. అప్పుడూ ఇలాగే అన్నాలు కలుపుకుంటారు, పిల్లలు ఇలాగే పరిగెత్తుతారు. ఆ తలపుకి అతనికి ఇంతకు ముందెన్నడూ వేయనంత భయం వేసింది.

దూరంగా తన పంచలోంచి మంగళవార్త జపం వినబడుతోంది. తల్లి గొంతు, వెనక అమలమ్మ గొంతు. పేట మొత్తం మీద ఆ రెండే.

పుల్లయ్య ఇల్లు గుడి పక్కనే. అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. మేనల్లుణ్ణి చూసి నవ్వాడు.

"ఏంరా, ఇయ్యాల మీ దెయ్యం ఆలస్యంగా లేచింది?"

బాలశౌరి ఆయన ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. వెనక ఇంకో దెబ్బ పడింది. అది అణిగిందాకా ఆగాడు.

"మావయ్యా, మైకు నేనే పీకేశాను" అన్నాడు. "ఇది మన గుడి గంటే."

పుల్లయ్య చుట్ట నోట్లో పెట్టుకుని, తరవాతి మాట కోసం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.